బల్ల మీద సంచి

పెద్దయ్య సంచి సర్దుకుంటున్నాడు.

షాపు గుమ్మంలో నిలబడ్డ వైండింగ్ అమ్మాయికి గుండె జారిపోయింది.

"వెళ్ళిపోతున్నారా పెద్దయ్యగారూ?"

"ఇవాళ కాదులే. లోపలికి రా."

రెండు లుంగీలు, తువ్వాలు, ఫ్లాస్కు, స్టీలు గ్లాసు, చెంచా. అన్నీ లోపల పెట్టి జిప్పు లాగి, సంచిని బల్ల మీద ఫోను పక్కనే ఉంచాడు.

"ఎక్కడికండీ?"

"చుట్టాలింటికి."

"చుట్టాలింట్లో గ్లాసులుండవా?"

"ఉంటాయి. నా గ్లాసులో తప్ప నాకు కాఫీ దిగదు. ముసలాడి చాదస్తం."

ఆమెకు నవ్వు రాలేదు. ఈ మనిషి వెళ్ళిపోతే ఆ ఫోను ఎవరెత్తుతారు?

కాలిపోయిన మోటార్లకు కొత్త తీగ చుట్టే ఆ షాపులో ఆమె ఎనిమిదేళ్ళు పనిచేసింది. ఓనరు పోయాడు, షాపు మూతపడింది. వేరే దేశం వెళ్ళి అక్కడే స్థిరపడిపోవడానికి ఆమె దరఖాస్తు పెట్టుకుంది. అక్కడ ఉద్యోగం ఇస్తామన్నవాళ్ళు ఎవరూ లేరు. వయసుకిన్ని, చదువుకిన్ని, భాషకిన్ని, చేతిలో ఉన్న పనికిన్ని అని మార్కులు వేసి, చాలితే రమ్మంటారు. ఆమెకు పని మార్కులే ఆధారం. ఆ పని నిజంగా చేసిందో లేదో తెలుసుకోవడానికి పాత షాపుకి చెప్పాపెట్టకుండా ఫోను చేస్తారట. ఎత్తే దిక్కు లేకపోతే ఆ మార్కులు గాలికే.

ఆమె ఇచ్చింది షాపులోని ల్యాండ్‌లైను నంబరు. మార్చుకోవచ్చు. మారిస్తే లేనిపోని అనుమానం వస్తుందేమోనని భయపడి ఊరుకుంది.

పెద్దయ్య ఓనరుకి అన్న. షాపులో వాటాదారు, పేరుకే. తమ్ముడు బతికుండగా ఇటు తొంగి చూసింది లేదు. తమ్ముడు పోయాక వచ్చి, షాపులోనే చాప పరుచుకుని ఉంటున్నాడు. వైండింగ్ మిషను అమ్ముకోవడానికే వచ్చాడని వీధిలో చెప్పుకున్నారు.

బేరం కుదిరిన రోజున సంచి భుజాన వేసుకుని చక్కా పోతాడని ఆమె భయం.

"నా గురించి అడిగితే ఎనిమిదేళ్ళు చేసిందని చెప్పండి చాలు."

"నేను చూశానా?"

ఆమె మొహం పాలిపోయింది.

"అబద్ధం నా నోటికి తిరగదమ్మాయ్. ఎన్నేళ్ళు చేశావో తమ్ముడు చెప్పేవాడు, అది నిజమే. ఏం చేశావో మాత్రం నా కళ్ళతో చూడాలి. అదిగో, ఆ కాలిన ఫ్యాను విప్పు."

విప్పింది. మాడిన తీగ కోసి పారేసింది. తీగ కూర్చునే గాడుల్లో కాగితం పరిచి, కొత్త తీగ చుట్టసాగింది. పెద్దయ్య స్టూలు మీద కూర్చుని ఆయాసపడుతూ చూశాడు. తీగకి పూసే వార్నిషు వాసన పడలేదు కాబోలు అనుకుంది.

"వేళ్ళు తెగవూ?"

"మొదట్లో తెగేవి. తర్వాత తీగే దారికొచ్చింది."

"ఇక్కడ నీకెవరున్నారు?"

"హాస్టల్లో ఒక మంచం ఉందండి."

"అక్కడో?"

"అక్కడ ఎవరూ లేరని ముందే తెలుసు. ఇక్కడైతే, ఉండాల్సినవాళ్ళు లేరు."

పెద్దయ్య మూలనున్న చాప వైపు చూశాడు.

"నువ్వే నయం," అన్నాడు. "నీకు మంచం ఉంది. నాది చాప."

ఫ్యాను తిరిగింది. గాలి తగలగానే ఆయన కళ్ళు మూసుకున్నాడు.

ఆనాటి నుంచి రోజూ సాయంత్రం ఆమె ఆ వీధి మీదుగానే హాస్టలుకి వెళ్ళేది. ముందు బల్ల వైపు చూసేది. సంచి ఉంటే ఆ రాత్రికి నిద్ర.

"మిషను బేరం ఇంకా తెగలేదా?" ఒకసారి ఉండబట్టలేక దెప్పింది.

"తెగలేదు."

"రేటు ఎక్కువ చెప్తున్నట్టున్నారు."

"అవునమ్మా. ఆశ మరి!"

వానలు వెళ్ళాయి, చలి వచ్చింది. సంచి అక్కడే ఉంది. ఆయన కాళ్ళు కాస్త వాచాయి. కూర్చుని కూర్చుని, అన్నాడు.

ఒక బుధవారం గుమ్మం ఎక్కకముందే కేక వినబడింది.

"వచ్చింది!"

"ఎవరండీ?"

"నీ ఫోను! ఎవరో ఆవిడ. ఏం పని చేసేదని అడిగింది. నాకొచ్చిన ఇంగ్లీషులో, కాగితం పరవడం దగ్గర్నుంచి మొదలుపెట్టాను. ఆవిడే విసుగెత్తి ఇక చాలు బాబూ అంది."

ఆమె అక్కడే చతికిలబడి ఏడ్చేసింది.

"ఏడుపెందుకే పిచ్చిమొహమా? లే. ఇక నేనూ బయల్దేరొచ్చు."

"చుట్టాలు ఎదురుచూస్తున్నారా?"

"చాలా రోజులుగా."

ఆ సంతోషంలో ఏ ఊరు అని కూడా అడగలేదు.

మర్నాడు షట్టరుకి తాళం. బేరం కుదిరినట్టుంది అనుకుంది.

ఎండలు ముదిరాక, ఆ దేశం నుంచి రమ్మని కబురొచ్చింది. పళ్ళు కొనుక్కుని షాపు దగ్గరికి వెళ్ళింది. ఎవరినైనా అడిగి ఆయన అడ్రసు తీసుకోవాలి. షట్టరుకి తాళం అలాగే ఉంది. సందులోంచి చూసింది. లోపల మిషను ఉంది. ఆమె బాగుచేసిన ఫ్యానూ ఉంది.

ఎదురుగా జిరాక్సు షాపు వదిన బయటికొచ్చింది.

"పెద్దయ్యగారు మిషను అమ్మకుండానే వెళ్ళారా వదినా?"

"అమ్ముతాడని ఎవరన్నారు? కొంటామని వచ్చినవాళ్ళనే పంపేశాడు. షాపు ఖాళీ చేస్తే ఫోను తీసేస్తారట."

"మరి చుట్టాలింటికని..."

"ఆయనకి చుట్టాలెవరున్నారమ్మా? గుండె ఆపరేషనుకి వానల ముందే వచ్చి చేరమన్నారు. ఒక ఫోను మాట్లాడాలి, మాట్లాడి వస్తానని డాక్టరుకే వాయిదాలు చెప్పాడు. నీకు తెలీదా?"

ఫోను వచ్చిన మర్నాడు, గురువారం పొద్దున్నే, పెద్దయ్య ఆ సంచి తీసుకుని ఆస్పత్రికి వెళ్ళాడు; తిరిగి రాలేదు.