వైరు లేని మిషను

"రెండు కిలోల నూటయాభై," అన్నాడు జక్కయ్య, తక్కెడలో రాళ్లు సరిచూస్తూ. "మొన్నటి మీద పావుకిలో తగ్గిందిరా తిరుపతీ."

"చాలదు బాబాయ్. రెండు లోపుకి దిగాలి."

తిరుపతిరావు పళ్లెంలోంచి మిషను తీసుకుని, కిరాణా కొట్టు మెట్లు దిగకముందే దాని మూత విప్పడం మొదలుపెట్టాడు.

అది దుమ్ము పీల్చే మిషను. బెజవాడ గవర్నరుపేటలో ఒక హోటల్లో అలాంటిది చూశాడు. దూడంత ఉంది, దాని వెనక పది గజాల వైరు. కొండపల్లిలో అతని ఇంట్లో అది పనికిరాదు. అతను బొమ్మలు చేసేవాడు. నేలంతా రంగు ఆరని బొమ్మలే. వైరు ఒక్కసారి ఈడిస్తే పది దొర్లిపోతాయి. పైగా కరెంటు ఎప్పుడు ఉంటుందో, ఎప్పుడు పోతుందో! అందుకే బ్యాటరీతో నడవాలి. ఛాయాదేవి ఒంటిచేత్తో ఎత్తగలగాలి.

ఛాయాదేవి అతని భార్య. నాలుగు నెలలుగా మైలవరంలో పుట్టింట్లో ఉంది.

మాఘంలో వాళ్ల పాప పోయింది. ఐదు నెలల పిల్ల. ఆయాసం పట్టి రెండు రోజుల్లో అంతా అయిపోయింది. ఎందుకొచ్చిందో డాక్టరు తేల్చి చెప్పలేదు. ఆ సాయంత్రమే తిరుపతిరావు ఉయ్యాల విప్పి అటక మీద పెట్టేశాడు. మూడో రోజున మళ్లీ ఉలి పట్టాడు. ఛాయాదేవి పాప మాట ఎత్తబోతే, "ఇప్పుడవన్నీ ఎందుకులే" అని లేచి పనిలోకి వెళ్లిపోయేవాడు. నెల తిరగకుండానే ఆమె పెట్టె సర్దుకుంది.

"ఈ ఇంట్లో నాకు ఊపిరాడటం లేదండీ," అంది గుమ్మంలో నిలబడి.

అతను తలెత్తి ఇల్లంతా చూశాడు. పొణికి కర్ర చెక్కిన పొట్టు, పిండిలాంటి దుమ్ము. దూలాల మీద, పక్కబట్టల మీద, పాలగ్లాసు మీద పెట్టిన మూత మీద. పాప ఆ గాలే పీల్చింది.

ఆ రోజు నుంచి అతనికి కూర్చుంటే కూర్చోబుద్ధి కాలేదు. పాత కారులోంచి తీసిన చిన్న మోటారు, రేకు గొట్టం, మోటారుసైకిలు బ్యాటరీ కలిపి మొదటి మిషను తయారుచేశాడు. భుజాన వేసుకుని మైలవరం తీసుకెళ్లాడు. ఛాయాదేవి ఒకసారి పట్టుకుని కింద పెట్టేసింది.

"బరువుగా ఉందండీ," అంది గోడకేసి చూస్తూ.

"ఎంత తగ్గించమంటావు?"

ఆమె వంటింట్లోకి వెళ్లిపోయింది.

అతను అదే బస్సులో తిరిగొచ్చి రేకంతా పీకి పారేశాడు. బొమ్మలు చేసే పొణికి కర్రే తొలిచి డొల్ల చేశాడు. దూదిలాంటి కర్ర అది. అర అంగుళం మందం ఉంచాడు, తర్వాత పావు అంగుళం. మూడు డొల్లలు చేతిలోనే పగిలాయి. నాలుగోది నిలిచింది. లోపలి రెక్కలు అల్యూమినియం డబ్బా కత్తిరించి చేశాడు. దుమ్ము నిలవడానికి పాత వాయిలు గుడ్డతో సంచీ కుట్టాడు. ఫోటో స్టూడియో వాళ్లు ఫ్లాషులో వాడే ఛార్జింగు సెల్సు బెజవాడ అంతా తిరిగి సంపాదించాడు. అన్నం సగంలో లేచి మోటారు కింద సైకిలు ట్యూబు ముక్క పెట్టి, చప్పుడు తగ్గిందేమోనని చెవి ఆనించి వినేవాడు. దసరా బొమ్మల ఆర్డర్లు అలాగే పడి ఉన్నాయి.

బావమరిది వెంకటప్పయ్య ఒకనాడు వచ్చాడు.

"బావా, ఒకసారి ఊరికే వచ్చి అక్కని చూసి వెళ్లొచ్చు కదా."

"ఊరికే వచ్చి ఏం చెయ్యను? ఇది అవనీ."

"అక్క అన్నం సరిగా తినటం లేదు బావా."

"తింటుంది. ఇల్లు బాగుపడితే అదే తింటుంది. ఇదిగో, ఈ మూల పట్టుకో, జారిపోతోంది."

వెంకటప్పయ్య మూల పట్టుకున్నాడు.

శ్రావణం మొదట్లో జక్కయ్య తక్కెడ ఒక కిలో తొమ్మిది వందలు చూపింది. తిరుపతిరావు మరుక్షణం బస్సెక్కాడు.

మైలవరంలో అత్తగారు సుబ్బరత్నం వసారాలో చేటెడు ఊక పోసింది. ఇరుగుపొరుగు ఆడవాళ్లు చేరారు. తిరుపతిరావు మీట నొక్కాడు. మిషను తేనెటీగలా సన్నగా మోగుతూ ఊకంతా లాగేసుకుంది.

"వైరేది అల్లుడుగారూ?"

"వైరు లేదత్తయ్యా. చేటెడు బియ్యమంత కూడా బరువుండదు."

ఛాయాదేవి లోపల్నించి వచ్చింది. చిక్కిపోయింది. అతను మిషను ఆమె ఎడంచేతికి ఇచ్చాడు. ఆమె భుజం దాకా ఎత్తి, కాసేపు నడిపి, మీట ఆపింది. చూడవచ్చిన వాళ్లంతా ఒక్కొక్కరే వెళ్లిపోయారు. సుబ్బరత్నం కూడా లోపలికి వెళ్లింది.

"బరువు లేదుగా?" అన్నాడతను ఆత్రంగా.

"లేదండీ."

"చప్పుడు?"

"లేదు."

"దూలాల దాకా అందుతుంది. రోజూ రెండుసార్లు నేనే తీస్తా. ఇంట్లో పొట్టన్నది కనిపిస్తే అప్పుడడుగు. ఇక మనింట్లో ఎవరికీ..." మాట తెగింది. "పెట్టె సర్దుకో ఛాయా. నాలుగింటికి బస్సుంది."

ఆమె మిషను నెమ్మదిగా అరుగు మీద పెట్టింది. నాలుగు నెలల తర్వాత మొదటిసారి అతని మొహంలోకి చూసింది.

"నేనొచ్చేసింది దుమ్ముకి కాదండీ, పాప కోసం మీరు ఒక్కసారి కూడా ఏడవలేదని."