బావ కుర్చీ

ఈ రంగంలోకి దిగిన రోజు బ్యాండు ఓనరు చేతిలో ఉన్న పెట్టుబడి సబ్బు రాసిన వయొలిన్ కమాను ఒక్కటే. వ్యాను ఊరు దాటిందో లేదో, డ్రమ్ముల అతను ఆ పాత కథ మళ్లీ ఎత్తుకున్నాడు.

అప్పట్లో బ్యాండు ఓనరు బావది. ఎవరో ఐదు వయొలిన్లు కావాలని పట్టుబట్టారు. ఉన్నది నలుగురే. బావ తన బామ్మర్దిని తీసుకొచ్చి ఐదో కుర్చీలో కూర్చోబెట్టాడు. బామ్మర్దికి అప్పటికి సరిగమలైనా రావు. కమానుకు రోజిన్ అనే జిగురు బిళ్ల రుద్దితేనే తీగ పలుకుతుంది. సబ్బు రుద్దితే ఎంత లాగినా జారుతుందే తప్ప చప్పుడు రాదు. ఆ రోజు ఐదో అతని చెయ్యి భలే ఆడుతోందని జనం మెచ్చుకున్నారట.

"అంటే బావగారు తూకంలో రాయి కలిపారన్నమాట. ఆ రాయే ఇవాళ మనకు ఓనరు" అన్నాడు డ్రమ్ముల అతను.

అందరూ నవ్వారు. కిటికీ పక్కన కూర్చున్న బావ కూడా నవ్వాడు. ఓనరుకు మాత్రం నవ్వు రాలేదు.

పోయిన నెల ప్రోగ్రాములో బావ చెయ్యి వణికింది. వయొలిన్ మూలిగింది. ముందు వరుసలో ఎవరో పిల్లిలా అరిస్తే హాలంతా నవ్వింది. వేదిక దిగగానే బ్యాండులో వాళ్లు ఓనరును పక్కకు పిలిచి, పెద్దాయనైనా మానాలి, తామైనా మానాలి అని తేల్చేశారు.

ఓనరు లెక్క వేసుకున్నాడు. మానమని చెబితే విద్య నేర్పిన మనిషి పోతాడు, అక్క గడప తొక్కే మొహం ఉండదు. చెప్పకపోతే బ్యాండు పోతుంది. అందుకని పొద్దున్నే మైకుల అతనితో ఒక మాట అనుకున్నాడు. బావ వాయిస్తాడు, బావ మైకు మాత్రం పలకదు. ఎటూ నష్టం లేని బేరమే. కాకపోతే కొన్ని సరుకులు కొని ఇంటికి తెచ్చాకే కుళ్లు వాసన కొడతాయి.

బావ చేతిరుమాల్లో బిళ్ల పట్టుకుని కమానుకు నిదానంగా రుద్దుకుంటున్నాడు. ఏ ఊరికి వెళ్లినా దారిలో చేసే పనే. వెనక సీట్లోంచి ఎవరో, పెద్దాయన ఇవాళ పెళ్లికొడుకులా గుబాళిస్తున్నాడన్నారు. బావ వినిపించుకోలేదు.

"ఒరేయ్, పోయినసారి నా చెయ్యి..."

"చలికి బావా. అందరికీ ఉండేదే."

"రావడం మానేయనా? నిజం చెప్పు. నేనేమీ అనుకోను."

అంతకంటే మంచి అదను దొరకదు. కానీ నిన్నటి కూరను తాజాదని చెప్పే కొట్టువాడి నాలుకలా ఓనరు నాలుక తన పని తాను చేసేసింది. "మీరు లేకపోతే ఈ బ్యాండు ఎక్కడిది బావా?"

బావ బిళ్లను చేతిరుమాల్లో చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

"సరే. నా కుర్చీ నాకు వేయించు. మిగతాది నేను చూసుకుంటా."

అదొక కంపెనీ వార్షికోత్సవం. హాలు నిండిపోయింది. మొదటి పాట నుంచే చప్పట్లు. ఓనరు కీబోర్డు వాయిస్తున్నాడన్న మాటే గానీ చూపంతా బావ మీదే. కళ్లు మూసుకుని, గడ్డం వయొలిన్‌కు ఆనించి, ఒక్క గమకం వదలకుండా కమాను లాగుతున్నాడు. చెవి పక్క నుంచి చెమట కారి కాలరు తడిసిపోయింది. నోరు కట్టేసిన మనిషి చేత పాడిస్తున్నట్టు అనిపించి ఓనరు తల దించుకున్నాడు.

విరామంలో బావ టీ గ్లాసు పట్టుకుని దగ్గరికొచ్చాడు.

"నావల్ల తేడా ఏమైనా వచ్చిందా?"

"లేదు బావా. ఇవాళ మీ చేతిలో తేనె ఉంది."

"ఏ పాటలో?"

"ఆ మూడో పాట... మొదట్లో."

"మంచిది" అన్నాడు బావ, టీ ఊదుకుంటూ. "నీ చెవులు బాగానే ఉన్నాయిరా."

ఇక ఓనరు వల్ల కాలేదు. తిన్నగా మైకుల అతని దగ్గరికి వెళ్లి బావ మైకు తెరవమన్నాడు. పరువు పోతుందని మైకుల అతను గొణిగాడు.

"పోనీ. పోయేది నాదేగా."

రెండో సగమంతా ఆ మూలుగు ఎప్పుడు వస్తుందా అని మెడ బిగించుకునే కూర్చున్నాడు. రాలేదు. చివరి పాట దాకా ఒక్క అపశ్రుతి లేదు. హాలు లేచి నిలబడింది. వైర్లు చుట్టుకుంటూ మైకుల అతను చెప్పాడు, మీట పైదాకా పెంచినా ఆ మైకులోంచి ఏమీ రాలేదని, లోపల వైరు తెగి ఉంటుందని.

బతికాను అనుకున్నాడు ఓనరు. అలా అనుకున్నందుకు మళ్లీ సిగ్గుపడ్డాడు.

కంపెనీ పెద్ద వచ్చి, వచ్చే ఏడాదీ మీరే రావాలి, ఆ వయొలిన్ పెద్దాయనను తప్పకుండా తీసుకురావాలి అని చెయ్యి కలిపి వెళ్లాడు. అడగకుండా దొరికిన లాభం. అయినా ఇంటికి వెళ్లేలోగా బావ చేతులు పట్టుకుని అంతా చెప్పేయాలని ఓనరు నిశ్చయించుకున్నాడు.

బావ మొహం కడుక్కోవడానికి వెళ్లాడు. ఆయన వయొలిన్ తుడిచి పెట్టెలో పెట్టడం శిష్యరికం నాటి నుంచీ ఓనరు పనే. మెత్తటి గుడ్డ తీసి తీగల కింద తుడిచాడు. ఎప్పుడూ పేరుకునే తెల్లటి రోజిన్ పొడి ఇవాళ లేదు. గుడ్డకు ఏమీ అంటలేదు.

కమాను అందుకున్నాడు. వేళ్ల కింద జారింది. అతను దాన్ని నెమ్మదిగా ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు.

మళ్లీ అతని చేతిలో సబ్బు రాసిన కమానే ఉంది.