ముఖం లేని అచ్చు

"ముఖమేదీ?"

అధికారి నాణెం ముద్రించే ఉక్కు అచ్చును బల్ల మీద పడేశాడు. సైనికుడి టోపీ ఉంది, కాలరు ఉంది, చుట్టూ అక్షరాలున్నాయి. ముఖం ఉండాల్సిన చోట మాత్రం అడ్డదిడ్డంగా ఉలిగాట్లు.

అచ్చు చెక్కిన ముసలాయన తల వంచుకున్నాడు.

"సాయంత్రం అధ్యక్షుడు నాణెం విడుదల చేయాలి. అందరికీ ఏం చూపించమంటావ్, నా మొహమా?"

అధికారి గోడ మీది అద్దాల పెట్టె వైపు వేలు చూపించాడు. లోపల పాత వెండి నాణేలు. ఒకదాని మీద తొలి అధ్యక్షుడు, ఒకదాని మీద వరదలో జనాన్ని ఒడ్డుకు చేర్చి తను మునిగిపోయిన పడవవాడు.

"వీళ్లంతా పోయినవాళ్లే. బతికున్నవాణ్ణి ఈ దేశం వెండి మీదకి ఎక్కించలేదు. వంతెన కాపాడుతూ ప్రాణమిచ్చాడని నీ కొడుకును ఎక్కించాం. ఇంటింటికీ చేరాల్సిన ముఖం! ఎవడు చెరిపేశాడు?"

"తెలీదు బాబూ."

"బయటివాళ్లెవరూ టంకశాలలోకి రాలేదు. వెనక మీ ఇంటి తలుపొక్కటే ఇటు తెరుచుకునేది."

ఆ గుమ్మంలో ఉన్న కోడలు ముందుకొచ్చింది. "నేనే చేశాను."

"నోర్ముయ్ అమ్మాయ్!" ముసలాయన అరిచాడు.

"మీరుండండి మావయ్యా. మా ఆయన ముఖం ఎవరెవరి చేతుల్లోనో అరిగిపోవడం నాకిష్టం లేదు."

"అబ్బో, ఎంత ప్రేమ! యుద్ధకాలంలో ఇది దేశద్రోహం. ఉరే."

పోలీసులు ఆమెకు బేడీలు వేశారు. ఆమె మాట మార్చలేదు.

"ఆ పిల్లకి ఉలి పట్టుకోవడం కూడా రాదు బాబూ. నన్ను తీసుకెళ్లండి."

"నువ్వొస్తే కొత్త అచ్చు నా తాత చెక్కుతాడా?"

ఆమెను జీపు ఎక్కించారు. ముసలాయన ఇంటి తలుపు వైపు చూశాడు. ఇప్పుడైనా తెరుచుకుంటుందేమోనని ఎదురుచూశాడు. లోపల అలికిడి లేదు.

జీపు కదిలింది.

"ఆపండి!" పరిగెత్తి బానెట్‌కు అడ్డం పడ్డాడు. "దాన్నొదిలెయ్యండి. ముఖం చెరిపినవాడు మా అటక మీదున్నాడు."

"ఎవడు వాడు?"

ముసలాయన బానెట్‌ను వదల్లేదు.

"యుద్ధం నుంచి పారిపోయొచ్చాడు బాబూ. ఆ ముఖం ఇంటింటికీ చేరితే ఎక్కడున్నా పట్టేస్తారని తనే చెరిపేశాడు... నా కొడుకు."