ఆఖరి పెంకు

“ఆ ఒక్క పెంకు పెట్టకు తమ్మీ!” మంచం పక్కనుంచి మల్లక్క పైకి చూసి అరిచింది.

కప్పు మీద మేస్త్రి సారయ్య చెయ్యి ఆగిపోయింది. గడపలో నిలబడ్డ పురావస్తు శాఖ సూపర్‌వైజర్ నరహరిరావు తల అడ్డంగా ఊపాడు.

“అట్ల కుదరదమ్మా. పందొమ్మిదొందల డెబ్బయ్యారుల పాత కట్టడమని బోర్డు పెట్టినప్పటి సంది రామప్ప గుడి లెక్కనే ఈ రైతిల్లును గూడ సర్కారే కాపాడుతాంది. కప్పు మొదట ఎట్లుండెనో అట్లనే కప్పాలె. మబ్బు పట్టింది, జల్ది కానియ్యి సారయ్యా.”

“మా ముసలోడు ఆ సందు కిందనే పండుకున్నడు సారూ. మెతుకు ముట్టక, నీళ్ళు మింగక ఎన్నొద్దులాయె! పానం పోక గోస పడుతాండు. పైన పెంకు తీసి ఉంచితే సులువుగ పోతడంటరు.”

నరహరిరావు సారయ్యను ఆగమన్నట్టు చెయ్యెత్తాడు.

అంతలో చినుకులు మొదలయ్యాయి. సందులోంచి ఒక చుక్క జారి మంచంలోని ముసలి ఓదెలు పెదవుల మీద పడింది. అతని నాలుక కదిలింది. గుటక పడింది. ఇంకో చుక్క కోసం నోరు తెరుచుకుంది.

అది చూసి మల్లక్క చప్పున కిందికి వంగింది.

“ఏం చెయ్యమంటవ్ అక్కా?” పైనుంచి సారయ్య అడిగాడు.

ఆమె మంచం కింద నీళ్ళ చెంబు కోసం తడుముతోంది.

“మూసెయ్ తమ్మీ, మూసెయ్,” అంది. “తడుస్తాండు.”