మోంతెరూవో బడి

“సంతకం పెట్టమ్మా. నిమిషం పని,” అన్నారు వేణుగోపాలరావు, రిపోర్టుని టేబుల్ మీద భావన వైపు జరుపుతూ.

“పెట్టను సార్,” అంది భావన.

పొద్దుటి నుంచీ ఇదే వరస. ఆయన జరపడం, ఆమె వెనక్కి తోయడం. మధ్యలో డ్రాఫ్ట్స్‌మన్ జడ్సన్ రెండు కరక్ చాయ్‌లు తెచ్చిపెట్టి, ఇద్దరి మొహాలూ చూసి, కిక్కురుమనకుండా జారుకున్నాడు.

అల్ ఘర్రాఫాలోని ఆ కన్సల్టెన్సీలో భావన స్ట్రక్చరల్ ఇంజనీరు. వేణుగోపాలరావు మేనేజరు. రిపోర్టేమో ఇటలీలో మోంతెరూవో అనే చిన్న ఊరి బడిది. ఇటలీ బడి గట్టిదో కాదో ఖతర్‌లో తేలుస్తారా అంటే, తేలుస్తారు మరి! అక్కడ ఒక ఇంజనీరుకిచ్చే జీతానికి ఇక్కడ ముగ్గురు దొరుకుతారు. కొలతలూ ఫోటోలూ అక్కణ్ణుంచి వస్తాయి. లెక్కలూ సంతకాలూ ఇక్కణ్ణుంచి వెళ్తాయి.

ఆ ఊరు భావన ఏనాడూ చూడలేదు. అయినా దాని పుట్టుపూర్వోత్తరాలన్నీ ఆమెకి కంఠతా వచ్చు. మూడొందల ఏళ్ళ కిందటి భూకంపానికి సగం ఊరు పోయింది. ముత్తాతల కాలంలో వచ్చినదానికి చర్చి గంటగోపురం పోయింది. కూలిన ప్రతిసారీ జనం అవే రాళ్ళు ఏరుకుని అక్కడే కట్టుకున్నారు. బడి గోడలూ ఆ రాళ్ళతో లేపినవే. ఏటి గుండ్రాళ్ళు, మధ్యలో ఇంత సున్నం. వాటి నెత్తిన ఆ తర్వాతెప్పుడో ఎవరో మహానుభావుడు కాంక్రీటు స్లాబు పోయించాడు. మట్టిగోడల మీద మేడ లేపినట్టు!

పోయినేడు ఈ సంగతే లెక్కగట్టి చూపిస్తే వేణుగోపాలరావు పకపకా నవ్వారు. “ఖతర్‌లో కూర్చుని ఇటలీ భూకంపాలకి వణుకుతావేంటమ్మా! బడి మూసే ఉద్దేశం ఆ మేయరుకి లేదు. గోల చేస్తే మనకి ఇంకో పని ఇవ్వడు,” అని ఆ కాగితాలు సొరుగులో పడేశారు.

ఈరోజు ఆయన మొహంలో నవ్వు లేదు.

“రేపు పొద్దున్నే రోమ్ నుంచి మనుషులు దిగుతున్నారు. రాగానే అడిగేది ఈ ఫైలే. నీ సంతకం లేకపోతే నేనేం చూపించను?”

“నా సంతకం లేదని చూపించండి.”

“వెటకారాలొద్దు. ఆ ఊళ్ళో మనకెవరున్నారు చెప్పు? చుట్టాలా, పక్కాలా?”

భావనకి ఒళ్ళు మండింది. ఆమె కంప్యూటర్ పక్కన, కొలతలకి వెళ్ళినవాళ్ళు పంపిన ఫోటో ఒకటి అతికించి ఉంది. బడి మెట్ల మీద పిల్లలు కెమెరాకి నాలుకలు చాపి వెక్కిరిస్తున్నారు. ఆయన చూపు దాని మీద పడింది.

“ముందు అది పీకెయ్. రేపు వాళ్ళ కంట పడితే బాగుండదు.”

“అదీ తియ్యను సార్.”

ఆయన గొంతు మెత్తబడింది. “చూడమ్మా, ఈ ఇటలీ పని పోతే ఆఫీసు మూతే. జడ్సన్ భార్య అమలాపురం నుంచి మొన్ననే వచ్చింది. పాపం, వాళ్ళనీ రోడ్డున పడేస్తావా?”

ఆ మాట మాత్రం గుచ్చుకుంది. అద్దం అవతల జడ్సన్ తల వంచుకుని పని చేసుకుంటున్నాడు. ఒక్క క్షణం ఆమె చెయ్యి పెన్ను వైపు వెళ్ళింది కూడా. తన మీద తనకే అసహ్యం వేసి, లేచి కారిడార్‌లోకి వెళ్ళి భర్తకి ఫోన్ చేసింది.

గురుప్రసాద్ ఐన్ ఖాలిద్‌లో ఇంట్లోనే ఉన్నాడు. ప్రాజెక్టు అయిపోయి అతని ఉద్యోగం ఈమధ్యే పోయింది. ఇప్పుడు ఇంటిల్లిపాదీ ఇక్కడ ఉండగలుగుతున్నది భావన వీసా మీదే.

“పెట్టకుంటే ఏమైతది?” అడిగాడు అంతా విని.

“కొలువు పోతది. సామాన్లు సదురుకొని ఊరికి పోవుడే.”

“పెడితే?”

“నిద్ర పోతది.”

అవతల స్టవ్ కట్టేసిన చప్పుడు వినిపించింది.

“అయితే నిద్రే ఉంచుకో. కొలువుదేముంది, ఇంకోటి దేవులాడుకుందం. యల్లా, జల్ది రా. పప్పుచారు చేసిన.”

భావన కళ్ళు తుడుచుకుని లోపలికొచ్చింది. వేణుగోపాలరావు పెన్ను మూత తీసి పట్టుకుని ఉన్నారు.

“లెక్కల్లో తప్పుందా? పోనీ అదైనా చెప్పు!”

“లెక్కలు నావే సార్. తప్పెందుకుంటుంది?”

“మరింకేం నొప్పి నీకు?”

“పోయినేడు మీరేమన్నారో మర్చిపోయారా?”

“అప్పటి మాట వదిలెయ్. ఇప్పుడు చెప్పింది చెయ్. మేయరు సంగతి మేయరు చూసుకుంటాడు. కాదూ కూడదూ అంటావా, వచ్చే వారం, ఆదివారం నుంచి రానక్కర్లేదు.”

“సరే సార్, రాను. కానీ రేపు మాత్రం వస్తాను. ఆ రోమ్ వాళ్ళ ఎదురుగా కూర్చుంటాను. ఏమడిగినా నా నోటితో నేనే చెప్తాను. ఎవరాపుతారో చూస్తాను!”

గదిలో ఆమె గొంతు ఖంగుమంది. అద్దం అవతల జడ్సన్ తలెత్తి చూశాడు.

భావన రిపోర్టుని మడిచి తన హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది.

“అది నీకెందుకు? ఇటివ్వు!” వేణుగోపాలరావు కుర్చీలోంచి లేచారు. మొహం పాలిపోయింది.

“వాళ్ళకి చూపించాలి కదా సార్,” అని ఆమె తలుపు తీసుకుని బయటికి నడిచింది.

‘ఈ బడి భూకంపానికి నిలబడదు, పిల్లల్ని వెంటనే ఖాళీ చేయించండి’ అని పోయినేటి తారీఖుతో ఉన్న ఆ రిపోర్టుని వేణుగోపాలరావు టైపు చేయించింది, మోంతెరూవో బడి కూలిపోయిన మర్నాడు.