ఎవరి కోసం వచ్చారు?

కొయెన్‌జి స్టేషన్ నుంచి స్నానశాల సందు దాకా క్యోహేయి బ్యాండు పోస్టరు ఒక్కటీ వదల్లేదు. పాత బట్టల దుకాణాల గోడల మీద, కోడిముక్కలు కాల్చే కొట్టు తలుపు మీద, కనబడ్డదల్లా పరపరా చింపి సంచిలో కుక్కాను. ఆరేళ్లు గొంతు చించుకు పాడిన నన్ను తీసేసి, బ్యాండులో ఇంకొకతెను పెట్టుకుంటాడా ఆ గిటారు క్యోహేయి?

మధ్యాహ్నం మూడింటికి వాళ్లు వాయించే హాలు మెట్లు దిగాను. టికెట్ల దగ్గరి అమ్మాయి ఆ రోజు వాయించే బ్యాండ్ల పేర్లున్న కాగితం, పెన్సిలు పట్టుకుని, వచ్చిన ప్రతివాళ్లనీ అడిగే ప్రశ్నే అడిగింది.

"ఈరోజు ఏ బ్యాండు కోసం వచ్చారండీ?"

"ఎవరి కోసమూ రాలేదు. ఆ క్యోహేయి గాడి పరువు పోతుంటే చూద్దామని వచ్చా."

"అయితే క్యోహేయి గారి బ్యాండే కదండీ," అంటూ ఆ పేరు పక్కన గీత గీసింది.

"చెవుడా నీకు? చెరిపెయ్ దాన్ని!"

ఆ పిల్ల రబ్బరు తీసింది. "చెరిపేస్తాలెండి. కానీ వాళ్లకి పడ్డ గీత ఇదొక్కటే. పోస్టర్లన్నీ ఎవరో చింపేశారట. లోపల వాళ్ల కోసం ఒక్కరూ లేరు."

సంచి వీపు వెనక్కి జరుపుకున్నాను.

"ఉండనీ," అన్నాను. "నేనూ లేకపోతే వాడి పరువు ఎవరి ముందు పోతుంది?"