ఆకుపచ్చ మొహం

“ఏమయ్యా, లేచావంటే ఊరుకోను!” అంటూ నోరాల్బా మొగుడి భుజం పట్టి కుర్చీలో మళ్ళీ కుదేసింది. “నీ ముందు పందెం బిళ్ళలు ఉన్నంతసేపూ ఆడాల్సిందే.”

“కడుపులో తిప్పేస్తోందే. గదికి పోయి పడుకుంటాను,” అన్నాడు ఎవేలియో నీరసంగా. ఓడ కొలోన్ రేవు వదిలిన దగ్గర్నుంచీ ఆయనకు ఇదే వరస. మంచినీళ్ళు కూడా లోపల నిలవడం లేదు.

“ముప్పై ఏళ్ళు లా లీనియా కొండ మలుపుల్లో బస్సు నడిపావు. కక్కుకునే వాళ్ళని చూసి పగలబడి నవ్వేవాడివి. సిగ్గులేదూ?”

“వాళ్ళ ఉసురే తగిలింది.”

ఓడ కాసినోలో ఆ మధ్యాహ్నం పోకర్ పోటీ. ప్రయాణికులకు ఉచితం అనేసరికి నోరాల్బా ఆగలేక మొగుడి పేరు రాయించేసింది. బస్టాండులో తోటి డ్రైవర్లతో ఆడిన అనుభవం ఆయనకు ఉండనే ఉంది. బల్ల చుట్టూ ఆరుగురు కూర్చున్నారు. ఆటకు మనిషికి రెండేసి ముక్కలు, బల్ల మీద అందరికీ కలిపి ఐదు. అందరికీ సమానంగా బిళ్ళలు ఇచ్చారు. అవి అయిపోయినవాడు లేచి పోవచ్చు.

లేచి పోవచ్చు! ఆ మాట తట్టగానే ఎవేలియోకి ప్రాణం లేచొచ్చింది. చేతిలో ముక్కలు చూశాడు. ఇస్పేటు ఏడు, కళావరు రెండు. ఇంతకంటే దరిద్రపు ముక్కలు పేకలోనే లేవు. తన దగ్గరున్న బిళ్ళలన్నీ సంతోషంగా రెండు చేతులతో బల్ల మధ్యకు తోసేశాడు.

ఎదురుగా నల్లకళ్ళద్దాల మనిషి కూర్చున్నాడు. గ్వయాకిల్లో రొయ్యల వ్యాపారం చేస్తాడట. అద్దాలు కిందికి జార్చి ఎవేలియో మొహం పరీక్షగా చూశాడు. మొహం లేత అరిటాకు రంగులో ఉంది. నుదుటి మీద చెమట. పళ్ళు బిగించి, పెదాలు బిగించి, శ్వాస కూడా బిగించాడు. ఎందుకంటే నోరు తెరిస్తే ఏం జరుగుతుందో ఎవేలియోకి తెలుసు.

“పెద్ద ముక్కలు లేనివాడు ఇంత బిగుసుకుపోడు,” అని రొయ్యల వ్యాపారి ముక్కలు కింద పడేశాడు. అతన్ని చూసి మిగతావాళ్ళూ ఆట వదిలేశారు.

ఎవేలియో గెలిచాడు.

మళ్ళీ అంతా తోశాడు. మళ్ళీ గెలిచాడు. మూడోసారి రొయ్యల వ్యాపారికి రోషం వచ్చింది. “చూద్దాం, నీ దగ్గర ఏముందో!” అని తనదీ మొత్తం తోశాడు. ఎవేలియో దగ్గర ఆటీను రెండు ఉంది. బల్ల మీద ఇంకో రెండు పడింది. ఆ తర్వాత మరో రెండు పడింది. వ్యాపారి కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టి, కుర్చీ వెనక్కి తన్ని వెళ్ళిపోయాడు.

ఓడలో ఓడడం ఇంత కష్టమని ఎవేలియో కలలో కూడా అనుకోలేదు.

గంట గడిచేసరికి బల్ల దగ్గర ఇద్దరే మిగిలారు. ఎవేలియో, పనామా నుంచి వచ్చిన దోన్యా తెమిల్దా. ఆవిడకు డెబ్బై దాటి ఉంటాయి. గడుసుగా, ఒక్క మాట కూడా వృథా చేయకుండా ఆడుతుంది.

అప్పుడు కాసినో పెద్ద వచ్చి ఎర్ర రిబ్బను చుట్టిన కవరు ఒకటి బల్ల మీద పెట్టాడు. “ఐదు వేల డాలర్ల విలువ చేసే బహుమతి!” అని అరిచాడు.

ఎవేలియో చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఐదు వేలు! రేపు పొద్దున్నే ఓడ అరూబా చేరుతుంది. దిగి, విమానం ఎక్కి, సాయంత్రానికి ఇబాగెలో సొంత మంచం మీద! కదలని మంచం! ఆయనకు కళ్ళు చెమర్చాయి. ఓడిపోవాలన్న ఆలోచన ఒక్క దెబ్బకి ఎగిరిపోయింది. నడుం నిటారు చేసి కూర్చున్నాడు. వెనక నోరాల్బా మేరీమాతకు మొక్కుల మీద మొక్కులు మొక్కేస్తోంది.

ముక్కలు పంచారు. ఎవేలియోకి రెండు రాజులు వచ్చాయి. బల్ల మీద ఆసు, రాజు, తొమ్మిది, నాలుగు, జాకీ పరిచారు. మూడు రాజులు! అంతా తోశాడు.

దోన్యా తెమిల్దా ఆయన మొహంలోకి చాలాసేపు చూసింది. తర్వాత తన బిళ్ళలు కూడా అన్నీ తోసేసింది.

ఎవేలియో మూడు రాజుల్నీ చూపించాడు. ఆవిడ తన ముక్కల్ని బోర్లా పెట్టి, “నీదే నాయనా,” అంది.

చప్పట్లు మోగాయి. నోరాల్బా మొగుడి బట్టతల మీద నాలుగు ముద్దులు పెట్టింది. కాసినో పెద్ద కవరు చింపి గొంతెత్తి చదివాడు.

“ఇద్దరికి ఓడ ప్రయాణం! ఇరవై ఒక్క రోజులు! అట్లాంటిక్ దాటి లిస్బన్ దాకా!”

“డబ్బు ఇవ్వరా?” అన్నాడు ఎవేలియో.

“డబ్బు కాదు సార్. ఇంకొకరికి ఇవ్వడానికి కూడా కుదరదు. మధ్యలో తొమ్మిది రోజులు నేలన్నదే కనబడదు. అదృష్టవంతులు!”

“విన్నావా, తొమ్మిది రోజులు!” అంటూ నోరాల్బా గంతులు వేసింది.

ఎవేలియో బల్ల అంచు పట్టుకుని నిలదొక్కుకున్నాడు. చేతికి దోన్యా తెమిల్దా బోర్లా పెట్టిన ముక్కలు తగిలాయి. తిప్పి చూశాడు. రెండు ఆసులు. బల్ల మీది దానితో కలిపితే మూడు!

“అమ్మా! గెలిచే ముక్కలు పెట్టుకుని ఓడిపోయారేమిటి?”

దోన్యా తెమిల్దా బల్ల పట్టుకుని మెల్లగా లేచింది. ఆవిడ మొహమూ అరిటాకు రంగులోనే ఉంది. “పేక కనబడితే కూర్చోకుండా ఉండలేను నాయనా. కానీ గెలవడమంటావా… నిరుడు గెలిచాను. అందుకే ఈ ఏడు ఇక్కడున్నాను.”